మట్టి బ్యాక్టీరియా జీనోమ్‌లో కొత్త రసాయనాల వేట: నెల్లూరు, ప్రకాశం నేలలతో మొదలుపెట్టేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

స్ట్రెప్టోమైసెస్ కోయెలికలర్ అనే మట్టి బ్యాక్టీరియా మీద ప్రయోగశాలల్లో దశాబ్దాలపాటు పనిచేశారు. అన్నేళ్లలో బయటపడ్డ రసాయనాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. 2002లో దాని జీనోమ్ మొత్తం చదివితే, అలాంటి రసాయనాలను తయారుచేసే జన్యు సముదాయాలు ఇరవైకి పైగా కనిపించాయి. మిగతావి ఫ్లాస్కులో నిద్రపోతున్నాయన్నమాట. మట్టి బ్యాక్టీరియా డీఎన్ఏ చదివి, ఆ నిద్రపోతున్న సముదాయాల్ని గుర్తుపట్టి, వాటి సరుకును బయటికి రప్పించడాన్నే జీనోమ్ మైనింగ్ అంటారు.

కొత్తవాళ్లు మొదట అడిగేది సాఫ్ట్‌వేర్ గురించి. సాఫ్ట్‌వేర్ పని నిజానికి ఒకటి రెండు పూటల్లో తెమిలిపోతుంది. పని చెడేది దానికి ముందు డీఎన్ఏ తీసేటప్పుడు, దాని తర్వాత పాత రసాయనాన్ని కొత్తదనుకున్నప్పుడు. అందుకే ఇక్కడ ఆ రెండింటి గురించే ఎక్కువ రాశాం.

ఏ మట్టి, ఎప్పుడు

ఎక్కడో ఎవరూ అడుగుపెట్టని చోటి మట్టే కావాలన్న నియమం లేదు. యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగాన్ని నడిపిన లెడర్లీ మందుల కంపెనీలో బెంజమిన్ డగ్గర్ 1948లో ప్రకటించిన ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్, అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయం వాళ్ల మామూలు గడ్డి మడి మట్టిలోంచి వచ్చింది. అయితే ఒకే రకం నేల నుంచి పది నమూనాలు తెచ్చేకంటే పది రకాల నేలల నుంచి ఒక్కోటి తేవడం మేలు. మన నెల్లూరు, ప్రకాశం ప్రాంతంలో ఆ వైవిధ్యానికి కొదవ లేదు. ఇసకపల్లి వైపు ఉప్పు మడులు, పెన్నా కింద వరి మాగాణి, పొదలకూరు నిమ్మ తోటలు, ఉదయగిరి కొండల ఎర్రమట్టి, ఒంగోలు చుట్టుపక్కల శనగ వేసే నల్లరేగడి, కొత్తపట్నం ఇసుక, కనిగిరి మెట్ట, చీమకుర్తి గ్రానైట్ క్వారీల అంచులు ఉన్నాయి. మొక్కల వేళ్లను అంటుకున్న మట్టిలో ఆక్టినోబ్యాక్టీరియా (స్ట్రెప్టోమైసెస్ చేరిన గుంపు, పొట్టిగా ఆక్టినోలు) ఎక్కువ. కాబట్టి పొలంలో ఖాళీ చోటు నుంచి కాకుండా మొక్క మొదట్లోంచి తీయండి.

పై 5 సెంటీమీటర్లు గీకేసి, 5 నుంచి 15 సెంటీమీటర్ల లోతులో 50 నుంచి 100 గ్రాములు తీయాలి. 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి మంటలో చూపించిన గరిటె, కొత్త జిప్ కవరు చాలు. కవరు మీద అక్షాంశ రేఖాంశాలు, తేదీ, పంట, పీహెచ్ రాయండి. ఉప్పు నేలైతే ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత) కూడా రాయాలి, ఎందుకంటే బ్యాక్టీరియాను పెంచే మీడియంలో ఎంత ఉప్పు వేయాలో దాన్నిబట్టే తేలుతుంది. మనకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అప్పటి బురదలో వేగంగా పెరిగే ఇతర బ్యాక్టీరియాదే రాజ్యం. ఫిబ్రవరి నుంచి మే దాకా నేల ఎండిపోతే అవి తగ్గి, బీజరూపంలో ఉన్న ఆక్టినోలు మిగులుతాయి. ఈ పనికి ఎండాకాలమే అనుకూలం. నల్లమలలోని పులుల అభయారణ్యం లాంటి రక్షిత ప్రాంతాల్లో అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా చారెడు మట్టి కూడా తీయకూడదు.

పళ్లెం మీదికి

తెచ్చిన మట్టిని శుభ్రమైన కాగితం మీద నీడలో వారం రోజులు ఆరబెట్టి జల్లించండి. 1 గ్రాము మట్టిని 9 మి.లీ. స్టెరైల్ సెలైన్‌లో కలిపి, 55 డిగ్రీల నీళ్లలో 6 నుంచి 10 నిమిషాలు ఉంచండి. బీజాలు తట్టుకుంటాయి, మామూలు కణాలు చాలావరకు చస్తాయి. స్ట్రెప్టోమైసెస్ కాని అరుదైన ఆక్టినోలు కావాలంటే పొడి మట్టినే 120 డిగ్రీల ఓవెన్‌లో గంటసేపు కాల్చే పద్ధతి ఉంది. తర్వాత వెయ్యో వంతు, పదివేలో వంతు, లక్షో వంతు పలచన చేసి ఒక్కో పళ్లేనికి 100 మైక్రోలీటర్లు పరచండి.

మీడియంగా స్టార్చ్ కేసీన్ అగార్ వాడండి. లీటరుకు కరిగే స్టార్చ్ 10 గ్రాములు, కేసీన్ 0.3, పొటాషియం నైట్రేట్ 2, ఉప్పు 2, డైపొటాషియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 2, మెగ్నీషియం సల్ఫేట్ 0.05, కాల్షియం కార్బొనేట్ 0.02, ఫెర్రస్ సల్ఫేట్ 0.01, అగార్ 18 గ్రాములు, పీహెచ్ 7 నుంచి 7.2. ఉప్పు మడుల మట్టికైతే ఉప్పు 50 గ్రాములకు పెంచి ఇంకో సెట్టు పోయండి. మీడియం చల్లబడ్డాక మి.లీ.కి నిస్టాటిన్ 50 మైక్రోగ్రాములు, నాలిడిక్సిక్ ఆమ్లం 20 మైక్రోగ్రాములు కలపాలి. మొదటిది బూజును ఆపుతుంది, రెండోది గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియాను. బాసిల్లస్‌ను మాత్రం ఈ రెండూ ఆపవు. పళ్లెం తడిగా ఉంటే అది రాత్రికి రాత్రే మొత్తం పరుచుకుంటుంది. పళ్లేలను మూత తీసి లామినార్ ఫ్లో కింద 20 నిమిషాలు ఆరనిస్తే ఆ బెడద సగానికి సగం తగ్గుతుంది.

28 డిగ్రీల దగ్గర 7 నుంచి 14 రోజులు ఆగండి. మూడో రోజుకే ఏమీ రాలేదని పారేయొద్దు. మీకు కావలసిన కాలనీ చిన్నగా, గట్టిగా, పైన సుద్దపొడి చల్లినట్టు ఉంటుంది. లూప్‌తో గీకితే వెన్నలా రాదు. తోలుముక్కలా అగార్‌ను పట్టుకుని ఉండి, బలవంతం చేస్తే అగార్ ముక్కతో సహా ఊడుతుంది. మూత తీయగానే జియోస్మిన్ వల్ల తొలకరి మట్టి వాసన కొడుతుంది. కొన్నిటి మీద పసుపు, ఎరుపు రంగు చుక్కలు చెమటలా నిలబడతాయి. ఆ రంగులకు మురిసిపోయి తెల్లవాటిని వదిలేయకండి. రంగు లేకపోయినా మందు గుణం ఉండొచ్చు.

ఒక్కో కాలనీని ఐఎస్‌పీ2 అనే యీస్ట్-మాల్ట్ అగార్ మీద మూడుసార్లు గీతలు గీసి వేరుచేయండి. రెండు జాతులు అతుక్కుని ఉండటం ఆక్టినోల్లో మామూలే, అది ఇప్పుడు తెలియకపోతే జీనోమ్ అసెంబ్లీలో (చదివిన డీఎన్ఏ ముక్కల్ని కలిపి కుట్టేటప్పుడు) తెలుస్తుంది, డబ్బు ఖర్చయ్యాక. బీజాల్ని 20 శాతం గ్లిసరాల్‌లో మైనస్ 80 దగ్గర దాచండి. కరెంటు నమ్మకం లేనిచోట ఇంకో సెట్టు వేరే ఊళ్లో ఉంచడం ఉత్తమం. 27ఎఫ్, 1492ఆర్ ప్రైమర్లతో, బ్యాక్టీరియాను గుర్తుపట్టడానికి వాడే 16ఎస్ జన్యువు చదివించి జాతి ఏదో చూడండి. అయితే 16ఎస్ ఒకటే అయినా రసాయనాలు వేరుగా ఉండొచ్చు. దాన్నిబట్టి ఎంపిక చేస్తే నకళ్లు ఏరివేయడానికి తప్ప పెద్దగా ఉపయోగం లేదు.

డీఎన్ఏ తీయడం: అసలు మెలిక

పాలీకీటైడ్ సింథేస్, నాన్ రైబోసోమల్ పెప్టైడ్ సింథటేస్ అనేవి ఇలాంటి రసాయనాలను ముక్కముక్కగా అతికించే పెద్ద ఎంజైమ్‌లు. వాటి జన్యువుల్లో, ఒక్కో ముక్కను అతికించే ఒకేలాంటి మాడ్యూళ్లు వరుసగా మళ్లీ మళ్లీ వస్తాయి. ఒక్కో మాడ్యూల్ కొన్ని వేల బేసుల పొడవుంటుంది. 150 బేసుల ఇల్యూమినా యంత్రపు రీడ్‌లతో (ఒక విడతలో చదివిన ముక్కలతో) చూస్తే ఏ ముక్క ఏ మాడ్యూల్‌దో తేలక, సరిగ్గా మనకు కావలసిన చోటే అసెంబ్లీ తెగిపోతుంది. అందుకే పొడవైన ముక్కలు చదివే నానోపోర్ గానీ, ప్యాక్‌బయో హైఫై గానీ కావాలి. పొడవైన రీడ్ రావాలంటే పొడవైన డీఎన్ఏ ఇవ్వాలి. బ్యాక్టీరియా కిట్లు చాలావరకు ఈ మందపాటి కణగోడ ముందు చేతులెత్తేస్తాయి, పైగా వాటి కాలమ్‌లు డీఎన్ఏను ముక్కలు చేస్తాయి. పాత సాల్టింగ్ అవుట్ పద్ధతే నయం.

30 మి.లీ. ట్రిప్టిక్ సోయా బ్రాత్‌లో స్ప్రింగు గానీ గాజు పూసలు గానీ వేసి, 28 డిగ్రీలు, 180 ఆర్‌పీఎం దగ్గర 36 నుంచి 48 గంటలు పెంచండి. స్ప్రింగు లేకపోతే కణాలు గోళీల్లా ఉండలు కట్టి, ఎంజైమ్ లోపలికి పోదు. బ్రాత్‌లో 0.5 శాతం గ్లైసిన్ కలిపితే కణగోడ బలహీనపడుతుంది. ముదిరిన కల్చర్‌లో మాత్రం రంగులు, జిగురు చక్కెరలు ఎక్కువై డీఎన్ఏతోపాటే దిగుతాయి. కాబట్టి మూడో రోజు దాటనివ్వకండి.

కణాల్ని 10.3 శాతం సుక్రోజ్‌తో కడిగి, 5 మి.లీ. సెట్ బఫర్‌లో కలపండి. అంటే 75 మిల్లీమోలార్ ఉప్పు, 25 మిల్లీమోలార్ ఈడీటీఏ, 20 మిల్లీమోలార్ ట్రిస్. మి.లీ.కి 50 మిల్లీగ్రాముల లైసోజైమ్ ద్రావణం 100 మైక్రోలీటర్లు వేసి 37 డిగ్రీల దగ్గర 30 నుంచి 60 నిమిషాలు ఉంచండి. తర్వాత మి.లీ.కి 20 మిల్లీగ్రాముల ప్రొటీనేస్ కే 140 మైక్రోలీటర్లు, 10 శాతం ఎస్‌డీఎస్ 600 మైక్రోలీటర్లు వేసి, 55 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచి, మధ్యమధ్య గొట్టాన్ని నెమ్మదిగా తిప్పండి. పాలలా ఉన్న ద్రవం తేటపడి సాగుడుగా మారితే కణాలు పగిలినట్టు. తేటపడకపోతే ముందుకు పోవద్దు, ఈసారి లైసోజైమ్ సమయం పెంచాలి.

ఇప్పుడు 5 మోలార్ ఉప్పు ద్రావణం 2 మి.లీ. కలిపి, 37 డిగ్రీలకు చల్లార్చి, 5 మి.లీ. క్లోరోఫామ్ పోసి అరగంటసేపు గొట్టాన్ని తలకిందులు చేస్తూ కలపండి. 4,500 జీ దగ్గర 15 నిమిషాలు తిప్పాక పై పొరను వేరే గొట్టంలోకి తీసి, దాని పరిమాణంలో 0.6 వంతు ఐసోప్రొపనాల్ పోయండి. గొట్టాన్ని రెండు మూడుసార్లు వంచగానే తెల్లటి దారం ముద్దలా తేలుతుంది. మొన మూసిన గాజు పాశ్చర్ పిపెట్‌కు దాన్ని చుట్టి, 70 శాతం ఎథనాల్‌లో ముంచి, కొద్దిగా ఆరనిచ్చి, 1 మి.లీ. టీఈ బఫర్‌లో 55 డిగ్రీల దగ్గర కరిగించండి. పూర్తిగా ఎండిపోతే ఎంతకీ కరగదు. దారం రాకుండా పొడిపొడిగా అడుగున దిగితే డీఎన్ఏ ముక్కలైందని అర్థం. ఆర్ఎన్ఏ పోవడానికి ఆర్ఎన్ఏజ్ ఏ వాడండి. కణాలు పగిలిన దగ్గర్నుంచీ వోర్టెక్స్ (గొట్టాన్ని గిరగిరా కుదిపే యంత్రం) ముట్టుకోవద్దు, టిప్ కొన కత్తిరించి వాడండి.

కాంతిని ఎంత పీల్చిందో చూసి కొలిచే నానోడ్రాప్ చెప్పే పరిమాణాన్ని నమ్మకండి, మిగిలిపోయిన ఆర్ఎన్ఏను కూడా అది డీఎన్ఏగా లెక్కేస్తుంది. డీఎన్ఏకే అంటుకునే రంగుతో పనిచేసే క్యూబిట్‌తో కొలవండి. నానోడ్రాప్‌లో చూడాల్సింది నిష్పత్తులే. 260/280 విలువ 1.8 నుంచి 2 మధ్య, 260/230 విలువ 2 పైన ఉండాలి. రెండోది తగ్గితే చక్కెరలు గానీ ఉప్పు గానీ మిగిలినట్టు, నానోపోర్ రంధ్రాలు త్వరగా మూసుకుపోతాయి. కంపెనీని బట్టి 1 నుంచి 5 మైక్రోగ్రాములు అడుగుతారు. చెన్నైకో, హైదరాబాద్‌కో పంపేటప్పుడు ఐస్ కరిగిపోతుందని కంగారు పడక్కర్లేదు. 70 శాతం ఎథనాల్‌లో ముంచిన డీఎన్ఏ మామూలు వేడికి తట్టుకుంటుంది.

సీక్వెన్సింగ్, అసెంబ్లీ

స్ట్రెప్టోమైసెస్ జీనోమ్ సుమారు 80 లక్షల నుంచి కోటి బేసులు. ఒక్కో బేసును సగటున వందసార్లు చదవడానికి (వంద రెట్ల కవరేజీకి) 90 కోట్ల బేసులు చాలు. అంతకు రెట్టింపు కొనడం డబ్బు దండగ. వెయ్యి బేసుల కంటే చిన్న రీడ్‌లను ఫిల్ట్‌లాంగ్ అనే ప్రోగ్రాంతో తీసేసి, ఫ్లై అనేదానితో అసెంబ్లీ చేసి, నానోపోర్ అయితే మెడాకా అనేదానితో దిద్దండి. సొంత కంప్యూటర్ లేకపోతే గెలాక్సీ యూరప్ సర్వర్‌లో ఇవన్నీ ఉచితంగా నడుస్తాయి. ఈ జాతుల డీఎన్ఏలో జీ, సీ అక్షరాల వాటా 72 శాతం దాకా ఉంటుంది. ఒకే అక్షరం వరుసగా వచ్చిన చోట నానోపోర్ ఒక బేసు మింగేస్తే జన్యువు మధ్యలో తెగి, ఒక పెద్ద సింథేస్ రెండు చిన్న జన్యువుల్లా కనిపిస్తుంది. అనుమానం ఉంటే కొద్దిపాటి ఇల్యూమినా డేటా తెప్పించి పాలీపాలిష్‌తో సరిచేయండి.

అసెంబ్లీ చేయగానే గుండ్రటి క్రోమోజోమ్ రాలేదని దిగులుపడతారు. స్ట్రెప్టోమైసెస్ క్రోమోజోమ్ గీతలాంటిదే, గుండ్రం కాదు. ఒక పొడవాటి కాంటిగ్ (తెగకుండా కలిసిన డీఎన్ఏ వరుస), ఒకటి రెండు ప్లాస్మిడ్‌లు వస్తే పని బ్రహ్మాండంగా జరిగినట్టు. అసెంబ్లీ నాణ్యత చూసే చెక్ఎం2లో పూర్తితనం 98 శాతం పైన, కల్తీ 2 శాతం లోపు ఉండాలి. మొత్తం పొడవు 1.7 కోట్ల బేసులు వచ్చిందంటే రెండు జాతులు కలిశాయి, మళ్లీ పళ్లెం దగ్గరికి వెళ్లాల్సిందే. జాతి నిర్ధారణకు జీటీడీబీ-టీకే అనే ప్రోగ్రాం నడపండి. దగ్గరి జాతితో సగటు న్యూక్లియోటైడ్ పోలిక 95 శాతం కంటే తక్కువైతే కొత్త జాతి అయ్యే అవకాశం ఉంది.

ఆంటీస్మాష్ ఫలితం చదవడం

బక్టా అనే ప్రోగ్రాంతో అనోటేట్ చేసిన (ఏ జన్యువు ఎక్కడుందో గుర్తుపెట్టిన) జెన్‌బ్యాంక్ ఫైలును, రసాయనాలు చేసే సముదాయాల్ని వెతికే ఆంటీస్మాష్ బ్యాక్టీరియా సర్వర్‌కు ఎక్కించండి. గుర్తింపు కఠినత 'రిలాక్స్డ్' దగ్గరే ఉంచి, అదనపు విశ్లేషణలన్నీ టిక్కు పెట్టండి. స్ట్రెప్టోమైసెస్‌లో 25 నుంచి 40 రీజియన్లు (సముదాయాలున్న చోట్లు) రావడం మామూలు. 70 వస్తే సంబరపడే ముందు ఎన్ని కాంటిగ్‌లున్నాయో చూడండి. ముక్కలైన అసెంబ్లీలో ఒకే సముదాయం నాలుగైదుసార్లు లెక్కకొస్తుంది.

ముందు కొట్టేయాల్సినవి కొట్టేయండి. జియోస్మిన్, హోపీన్, ఎక్టోయిన్, డెస్‌ఫెర్రియాక్సమిన్, మెలనిన్, బీజాల రంగు పదార్థం దాదాపు ప్రతి స్ట్రెప్టోమైసెస్‌లోనూ ఉంటాయి. ఉప్పు మడి నుంచి తెచ్చినదాంట్లో ఎక్టోయిన్ కనిపించిందని వ్యాసం రాయకండి, మాగాణి మట్టిదాంట్లోనూ అదే ఉంటుంది.

తర్వాత పోలిక సంగతి. ఆంటీస్మాష్‌లోని నోన్‌క్లస్టర్‌బ్లాస్ట్ చూపించే పోలిక, మిబిగ్ అనే జాబితాలోని తెలిసిన సముదాయంలో ఎన్ని జన్యువులకు మీ దగ్గర జోడీ దొరికిందన్న లెక్క. తుది రసాయనాల పోలిక కాదు. రవాణా, నియంత్రణ జన్యువులు కలిసినా అది పెరుగుతుంది. అసలు సింథేస్ పూర్తిగా వేరైనా పోలిక బాగానే కనిపించొచ్చు. కాబట్టి అది చూసి వదలకుండా, ప్రధాన జన్యువుల్ని ఒక్కోటీ పక్కపక్కన పెట్టి చూడండి. రీజియన్ కాంటిగ్ అంచున ఉందన్న హెచ్చరిక ఉంటే అది సగం సముదాయమే. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, పక్కపక్కనే ఉన్న రెండు వేర్వేరు సముదాయాల్ని ఆంటీస్మాష్ ఒకే రీజియన్‌గా కలిపేస్తుంది. 'హైబ్రిడ్' అని కనిపించినదంతా నిజంగా హైబ్రిడ్ కాదు.

మాడ్యూళ్లు లెక్కపెట్టడం నేర్చుకోవడానికి ఎరిత్రోమైసిన్ మంచి ఉదాహరణ. మూడు పెద్ద ప్రొటీన్లు, ఒక లోడింగ్ భాగం, ఆరు మాడ్యూళ్లు. ప్రొపియోనేట్ నుంచి 3 కార్బన్లు, ఆరు మాడ్యూళ్లు గొలుసుకు తలా 2 చొప్పున 12, మిథైల్ మలోనిల్ వాడటం వల్ల పక్కన ఆరు మిథైల్ కార్బన్లు, వెరసి 21. వచ్చే ఉంగరం 6-డీఆక్సీఎరిత్రోనొలైడ్ బి, సి21హెచ్38ఓ6, ద్రవ్యరాశి 386.27. లెక్క సరిపోయింది. కానీ ఫ్లాస్కులో దొరికే ఎరిత్రోమైసిన్ ఏ ద్రవ్యరాశి 733.46! రెండు చక్కెరలు, హైడ్రాక్సిల్ గుంపులు తర్వాత తగులుకున్నాయి. ఆంటీస్మాష్ చూపించే నిర్మాణం అస్థిపంజరం మాత్రమే. చుట్టూ గ్లైకోసిల్ ట్రాన్స్‌ఫరేస్, పీ450, మిథైల్ ట్రాన్స్‌ఫరేస్, హాలోజనేస్ జన్యువులు (వరుసగా చక్కెర, ఆక్సిజన్, మిథైల్, క్లోరిన్ లాంటివి తగిలించేవి) ఎన్నున్నాయో చూసి దానిమీద ఎంత కలుస్తుందో మీరే అంచనా వేయాలి.

మిగిలినవాటిలో ముందుగా పట్టుకోవాల్సింది ఏది? నోవోబయోసిన్ సముదాయంలో ఆ మందు దెబ్బకు తట్టుకునే ఇంకో జైరేస్-బి జన్యువు ఉంటుంది. సాలినోస్పోరమైడ్ సముదాయంలో ప్రొటీయసోమ్ భాగపు జన్యువు ఉంటుంది. తను చేసిన విషం తననే చంపకుండా బ్యాక్టీరియా పెట్టుకున్న ఏర్పాటు ఇది. మీ సముదాయంలో ఇలా మామూలు జన్యువు రెండో ప్రతి ఉంటే, రసాయనం దేనిమీద పనిచేస్తుందో కూడా తెలిసిపోతుంది. ఆర్ట్స్ అనే సాధనం ఇవి వెతికిపెడుతుంది. పూర్తిగా ఉన్న సముదాయం, ప్రధాన జన్యువుల్లో పోలిక తక్కువ, రక్షణ జన్యువు ఉండటం, ఈ మూడూ కలిసినవి రెండో మూడో దొరికితే చాలు, వాటితో దిగండి.

ఫ్లాస్కులో లేపడం

నాలుగు రకాల మీడియంలో 250 మి.లీ. ఫ్లాస్కుకు 50 మి.లీ. చొప్పున, 28 డిగ్రీల దగ్గర 7 నుంచి 10 రోజులు పెంచండి. ఐఎస్‌పీ2 ఒకటి. సోయాపిండి 20 గ్రాములు, మానిటాల్ 20 గ్రాములు లీటరు కుళాయి నీళ్లలో కలిపినది ఇంకొకటి. మూడోది స్టార్చ్‌తో, నాలుగోది ఫాస్ఫేట్ బాగా తక్కువగా. ఫాస్ఫేట్ ఎక్కువుంటే చాలా యాంటీబయోటిక్ సముదాయాలు నోరు మెదపవు. రొయ్య తొక్కల కైటిన్‌లోని చక్కెర అయిన ఎన్-ఎసిటైల్ గ్లూకోజమైన్, కోయెలికలర్‌లో పోషకాలు తక్కువున్న మీడియంలో యాంటీబయోటిక్‌ను రేపుతుంది, పోషకాలు పుష్కలంగా ఉంటే అణిచేస్తుంది. కృష్ణపట్నం వైపు తొక్కలకు లోటు లేదు. ఆమ్లంతో సున్నం, క్షారంతో ప్రొటీన్ తీసేశాకే వాడాలి.

ప్రతి మీడియానికీ బ్యాక్టీరియా వేయని ఖాళీ ఫ్లాస్కు ఒకటి పక్కన పెట్టాలి. దీన్ని ఎగ్గొడితే తర్వాత పడే పాట్లు అన్నీ ఇన్నీ కావు. సమాన పరిమాణం ఇథైల్ ఎసిటేట్‌తో రెండుసార్లు తీసి, ఆవిరి చేసి, మి.లీ. మిథనాల్‌కు 1 మిల్లీగ్రాము చొప్పున కరిగించండి. నీళ్లలో కరిగే రసాయనాలు ఇథైల్ ఎసిటేట్‌లోకి రావు. వాటికి ఎక్స్ఏడీ-16 రెసిన్ వాడాలి.

పాతవాటిని ఏరేయడం

రసాయనాల్ని వేరుచేసి ద్రవ్యరాశి కొలిచే ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ డేటాను జీఎన్‌పీఎస్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టి తెలిసిన స్పెక్ట్రాలతో పోల్చండి. కొన్ని శిఖరాల ద్రవ్యరాశి అంకెలు (ఎం/జెడ్) గుర్తుంచుకుంటే బోలెడు సమయం మిగులుతుంది. 561.36 డెస్‌ఫెర్రియాక్సమిన్ బి, 1255.6 ఆక్టినోమైసిన్ డి, 754.5 నోనాక్టిన్ అమోనియంతో, 1008, 1022, 1036 వరుస బాసిల్లస్ సర్ఫాక్టిన్. 391.28, 279.16 కనిపిస్తే అవి ప్లాస్టిక్ గొట్టాల నుంచీ, ద్రావణాల నుంచీ దిగే థాలేట్లు. 44 చొప్పున మెట్లుమెట్లుగా పోయే శిఖరాలు పీఈజీ అనే పాలిమర్ కల్తీ. థాలేట్‌ను బ్యాక్టీరియా చేసిన కొత్త మందుగా ప్రకటించిన వ్యాసాలు మన దేశంలోనూ కొల్లలు. ఖాళీ ఫ్లాస్కులోనూ అదే శిఖరం ఉంటే నిస్సందేహంగా కొట్టేయండి.

ఈ ప్రాంతంలో చాలామంది రొయ్యలకు జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా మీద పరీక్ష పెడతారు. మంచిదే, మ్యూలర్ హింటన్ అగార్‌లో 1 నుంచి 2 శాతం ఉప్పు కలపాలి, లేకపోతే విబ్రియో సరిగా పెరగక, అది చచ్చిన ఖాళీ వలయం పెద్దదిగా కనిపిస్తుంది. వలయం రాగానే ఎల్‌సీ-ఎంఎస్ నెగెటివ్ మోడ్‌లో 321.0 దగ్గర చూడండి. రెండు క్లోరిన్ల వల్ల 321, 323, 325 శిఖరాలు 9:6:1 నిష్పత్తిలో ఉంటే అది క్లోరాంఫెనికాల్. 1947 నుంచి తెలిసిన స్ట్రెప్టోమైసెస్ సరుకే, పైగా రొయ్యల సాగులో నిషిద్ధం. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే.

ఏ జాబితాకూ చిక్కని శిఖరం మిగిలితే, అది మీరు ఎంచుకున్న సముదాయందేనని రుజువు కావాలి. ప్రధాన జన్యువును క్రిస్పర్ (డీఎన్ఏను కోరిన చోట కత్తిరించే పద్ధతి) తో చెడగొట్టినప్పుడు ఆ శిఖరం మాయమవ్వాలి. లేదా సముదాయం మొత్తాన్ని స్ట్రెప్టోమైసెస్ ఆల్బస్ జె1074 లాంటి ఆతిథేయ జాతిలోకి ఎక్కించినప్పుడు కొత్తగా రావాలి. ఈ రెంటిలో ఒకటైనా చేయకుండా ద్రవ్యరాశి సరిపోయింది కదా అని ముడిపెట్టేయడం ఊహే. నిర్మాణం తేల్చే ఎన్ఎంఆర్‌కు కొన్ని మిల్లీగ్రాముల శుద్ధ పదార్థం కావాలి, దానికి 10 నుంచి 20 లీటర్ల కల్చర్ సిద్ధం చేసుకోండి.

జీనోమ్‌ను జెన్‌బ్యాంక్‌లో, జాతిని చండీగఢ్‌లోని ఎంటీసీసీ సూక్ష్మజీవుల భాండాగారంలో జమచేయండి. పేటెంట్ ఆలోచన ఉంటే వ్యాసం చివరికి ఉంచండి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదు లేదా అనుమతి, పేటెంట్ల కోసం సూక్ష్మజీవుల్ని జమచేసే బుడాపెస్ట్ ఒప్పందం కింద జాతి జమ, పేటెంట్ దరఖాస్తు, వ్యాసం ఆ తర్వాతే. విదేశీ సహకారి ఉంటే మట్టి గానీ, జాతి గానీ, ఫలితాలు గానీ వాళ్లకు పంపే ముందే ఆ సంస్థ అనుమతి తీసుకోవాలి.